బిగించిన బీరువాకు శుభ్రమైన రిబేటు

మీ ఇంటి ద్వారబంధాన్ని ఒకసారి దగ్గరికి వెళ్ళి చూడండి. తలుపు మూసినప్పుడు అది చట్రం అంచుకు తగిలి ఆగిపోదు. చట్రంలో మెట్టులాగా చెక్కిన చోటికి వచ్చి ఒదిగి కూర్చుంటుంది. ఆ మెట్టునే మన వడ్రంగులు రిబేటు అంటారు. దిల్లీలో పనిచేసే వడ్రంగులు దాన్ని పతామ్ అంటారు. ఆ మెట్టు తీసే చిత్రికకు వాళ్ళ పేరు పతామ్ రందా. గాడికీ రిబేటుకీ తేడా ఉంది. గాడికి ఒక అడుగు, రెండు గోడలు ఉంటాయి. రిబేటుకు ఒక అడుగు, ఒకే గోడ. రెండో వైపు గోడ లేదు, ఖాళీ. ఈ ప్రసంగం పొడుగునా మనం మాట్లాడుకునే చిక్కులన్నీ ఆ లేని గోడ వల్ల వచ్చేవే.

బీరువాకు ఈ మెట్టు ఎందుకు కావాలి? వెనక పలక కోసం. రెండు పక్క పలకలు, పైన ఒకటి, కింద ఒకటి చేర్చి బిగిస్తే పెట్టె తయారవుతుంది కానీ అది నిలకడగా ఉండదు. అగ్గిపెట్టెలోంచి పుల్లలున్న అరను బయటికి లాగేసి, పై తొడుగును వేలితో పక్కకు నొక్కి చూడండి. దీర్ఘచతురస్రం కాస్తా వాలిపోయి సమాంతర చతుర్భుజం అవుతుంది. నాలుగు భుజాల పొడవులూ అలాగే ఉన్నాయి, మారినవి కోణాలు. త్రిభుజానికి ఈ బలహీనత లేదు, భుజాలు మారకుండా దాని కోణాలు మారలేవు. బీరువా వెనక ఒక పలుచని పలకను నాలుగు అంచులా బిగిస్తే రెండు కర్ణాలనూ ఒకేసారి కట్టేసినట్టే. అందుకు 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు చాలు. అది లేని బీరువాకు కొన్నాళ్ళకు తలుపులు ఒకదానికొకటి రాసుకుంటాయి, సొరుగులు ఇరుక్కుంటాయి. జనం కబ్జాలను తప్పుపడతారు. తప్పు సాధారణంగా వెనక ఉంటుంది.

చాలామంది వెనక పలకను అంచుల మీద పరిచి నేరుగా మేకులు కొట్టేస్తారు. గోడలో ఇమిడిపోయే బీరువా అయితే, రెండు పక్కలా ఎవరికీ కనిపించదనుకుంటే, అదే మంచిది. అక్కడ రిబేటు కోసం శ్రమపడటం అనవసరం. కానీ విడిగా నిలబడే బీరువాకు అలా చేస్తే పక్కనుంచి చూసినప్పుడు ప్లైవుడ్డు పొరలు గీతలు గీతలుగా కనిపిస్తాయి. వానాకాలంలో ఆ తెరిచిన అంచే ముందుగా తేమ పీల్చి ఉబ్బుతుంది. మెట్టు తీసి పలకను అందులో కూర్చోబెడితే ఈ రెండు బాధలూ ఉండవు.

ఇక అసలు ప్రశ్న. రిబేటును పలకలు విడివిడిగా ఉన్నప్పుడే తీసుకోవచ్చు కదా, బిగించాక ఎందుకు? గోదావరి జిల్లాల పాత మండువా ఇళ్ళలో టేకు ద్వారబంధాలకు మన వాళ్ళు అలాగే చేశారు. చేతి చిత్రిక పట్టేవాడికి వేరే దారి లేదు. చిత్రికకు ముందూ వెనకా చోటు కావాలి, బిగించిన పెట్టె మూలలోకి అది వెళ్ళదు. అయితే విడి పలకకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మెట్టు తీస్తే, పలకలు చేర్చిన తరవాత పెట్టె పైన, కింద ఆ మెట్టు చివర చిన్న కంతలాగా బయటికి కనిపిస్తుంది. కనిపించకూడదంటే మెట్టును చివరికి ముందే ఆపాలి. ఎక్కడ ఆపాలో కొలతలో ఒక మిల్లీమీటరు తప్పితే నాలుగు మెట్లూ మూలల్లో కలవవు. బిగించిన తరవాత తీస్తే కొలత పని పెట్టెదే. పెట్టె ఎలా వచ్చిందో మెట్టు అలాగే దాని వెంట నడుస్తుంది.

దిల్లీలోని వసంత్ కుంజ్ లాంటి చోట దీనికి ఇంకో కారణం కూడా ఉంది. దిల్లీ అభివృద్ధి సంస్థ అక్కడ 1980లు, 90లలో పెద్ద ఎత్తున ఫ్లాట్లు కట్టింది. పాత బ్లాకుల్లో చాలావాటికి లిఫ్టు లేదు. మెట్లదారి మలుపులో నిండు బీరువా తిరగదు. అందుకని కీర్తి నగర్ నుంచో దగ్గరి దుకాణం నుంచో ప్లైవుడ్డు పలకలుగా వస్తుంది. కోయడం, చేర్చడం, బిగించడం అన్నీ ఆ ఇంటి హాలులోనో బాల్కనీలోనో జరుగుతాయి. పెద్ద రంపపు బల్ల ఉండదు. నేల పూర్తిగా సమతలంగా ఉండదు, గోడలు నిలువుగా ఉండవు. ఇలాంటి చోట చేసిన పెట్టె కాగితం మీది కొలతకు అచ్చుగుద్దినట్టు రాదు. ముందే తీసిన మెట్టు కాగితాన్ని నమ్ముతుంది, తరవాత తీసిన మెట్టు పెట్టెను నమ్ముతుంది. అంతే తేడా. కానీ తరవాత తీసేటప్పుడు ఒక్క పెచ్చు లేచినా పలక మార్చే వీలు లేదు. జిగురు ఆరిపోయింది. రోజుకూలికో గుత్తకో పనిచేసే మనిషికి అది రెండు మూడు రోజుల శ్రమ.

బిగించిన పెట్టెకు మెట్టు తీయగలిగే పనిముట్టు రౌటర్. ఒక మోటారు, దాని ఇరుసు చివర పట్టు, పట్టులో బిట్టు, కింద చదునైన అడుగు పలక. ఉన్నదంతా ఇంతే. చేతిలో పట్టుకునే విద్యుత్ రౌటర్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో, సిరక్యూస్ పట్టణంలో, ఆర్.ఎల్. కార్టర్ చేతుల్లో రూపుదిద్దుకుంది. 1929లో స్టాన్లీ కంపెనీ ఆ వ్యాపారాన్ని కొనుక్కుంది. మన ఇంటి కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు కదా, అంటే నిమిషానికి 3,000. మరి రౌటర్ నిమిషానికి 20,000 చుట్లు ఎలా తిరుగుతుంది అని మా విద్యార్థులు అడుగుతుంటారు. మంచి ప్రశ్న. నీళ్ళ మోటారు, ఫ్యాను లాంటివి ఇండక్షన్ మోటార్లు. వాటి వేగం కరెంటు ఆవృత్తికి కట్టుబడి ఉంటుంది. రౌటర్‌లో, మిక్సీలో ఉండేది బ్రష్షులున్న యూనివర్సల్ మోటారు. అందులో కరెంటు దిశ మారినప్పుడల్లా అయస్కాంతం దిశా మారుతుంది, తిరిగే భాగంలో దిశా మారుతుంది, కాబట్టి తోపు ఎప్పుడూ ఒకే వైపుకే. ఆవృత్తితో దానికి నిమిత్తం లేదు. మిక్సీలో లాగే దాని లోపల చిన్న నిప్పురవ్వలు కనిపించడానికి కారణం ఆ బ్రష్షులే.

రిబేటు తీసే బిట్టు కొనకు చిన్న బేరింగు ఉంటుంది. వాదర తిరుగుతుంది, బేరింగు మాత్రం పలకను ఆనుకుని తనంతట తాను మెల్లగా దొర్లుతుంది. బిట్టు వ్యాసం సుమారు 32 మిల్లీమీటర్లు, బేరింగు వ్యాసం సుమారు 13 అనుకోండి. తేడాలో సగం, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, మెట్టు వెడల్పు. 18 మిల్లీమీటర్ల పలకలో సగం కన్నా కాస్త ఎక్కువ. బేరింగు మారిస్తే వెడల్పు మారుతుంది, బిట్టు మార్చక్కర్లేదు. ఈ బిట్టు నిమిషానికి 20,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 33 మీటర్లు, గంటకు 120 కిలోమీటర్లు. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద కారును కూడా అంత వేగంగా నడపనివ్వరు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఇళ్ళలో పనిచేసే వడ్రంగుల దగ్గర ఎక్కువగా కనిపించేది సన్‌మైకా అంచులు కత్తిరించే చిన్న ట్రిమ్మర్. అది సాధారణంగా నిమిషానికి 30,000 చుట్లు తిరుగుతుంది, దాని పట్టులో పావు అంగుళం కాడ మాత్రమే పడుతుంది. 32 మిల్లీమీటర్ల బిట్టును దానికి తగిలిస్తే అంచు వేగం గంటకు 180 కిలోమీటర్లు దాటుతుంది. కాడ వంగకుండా నిలిచే శక్తి దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. పావు అంగుళం కాడ కంటే అర అంగుళం కాడ రెండు రెట్లు లావు, కానీ పదహారు రెట్లు గట్టి. సన్నకాడ వణుకుతుంది, ఆ వణుకు మెట్టు గోడ మీద అలలుగా పడుతుంది. అర అంగుళం కాడ పట్టే, వేగం తగ్గించుకునే వీలున్న రౌటర్ దొరికితేనే ఈ పని పెట్టుకోండి. దొరక్కపోతే చిన్న ట్రిమ్మర్‌కు 10 మిల్లీమీటర్ల లోపు తిన్నని బిట్టు తగిలించి, పక్కన ఒక బద్దను ఆసరాగా పెట్టి, రెండు మూడు కోతల్లో తీయడం మేలు.

ఇప్పుడు చెక్క సంగతి. వెదురును నిలువునా కత్తితో కొడితే ఒక్క దెబ్బకు చీలుతుంది, అడ్డంగా నరకాలంటే చేతులు నొప్పి పుడతాయి. ప్రతి చెక్కా వెదురు లాంటిదే. పీచు నిడివి వెంట దాని బలం ఎక్కువ, పీచుకూ పీచుకూ మధ్య పట్టు చాలా తక్కువ. ప్లైవుడ్డులో బేసి సంఖ్యలో పొరలు ఉంటాయి. ఒక పొర పీచు నిలువుగా ఉంటే పక్క పొర పీచు అడ్డంగా ఉంటుంది. అందువల్ల మీరు ఏ దిశలో కోసినా కొన్ని పొరలు తప్పకుండా అడ్డంగా తగులుతాయి. పైకి కనిపించే అందమైన పొర మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. పెచ్చు లేచేది అదే.

ఉత్తర భారతంలో దొరికే ప్లైవుడ్డుకు ఒక చరిత్ర ఉంది, దానికీ పెచ్చులకూ సంబంధం ఉంది. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వుతో ఈశాన్య రాష్ట్రాల అడవుల మీద ఆధారపడిన ఎన్నో ప్లైవుడ్డు మిల్లులు మూతపడ్డాయి. పరిశ్రమ హర్యానాలోని యమునానగర్ వైపు, రైతులు పొలాల్లో పెంచే పోప్లార్, యూకలిప్టస్ చెట్ల వైపు మళ్ళింది. అడవికి అది మంచి మలుపు. కోసేవాడి చేతికి మాత్రం కాస్త కష్టం. పోప్లార్ త్వరగా పెరిగే మెత్తని చెట్టు. వంగి పెరిగిన మానులో ఒక వైపు పీచు దూదిలా మారుతుంది. మొండి వాదర తగిలితే అది తెగదు, నలిగి నూగులా లేచి నిలబడుతుంది. పొరల మధ్య జిగురు ఏమో ఆరాక గాజులాంటిది; మామూలు ఉక్కు వాదరను కొద్దిసేపట్లోనే మొండి చేస్తుంది. అందుకే టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలు అతికిన బిట్టే వాడాలి. కొత్తది కాకపోయినా పరవాలేదు, పదునుదై ఉండాలి.

పనిలోకి దిగుదాం. పెట్టెను మొహం నేలకు పెట్టి, పాత దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టండి. వెనక అంచులు నాలుగూ పైకి వస్తాయి. ముందు టేపుతో రెండు కర్ణాలూ కొలవండి. 900 మిల్లీమీటర్ల ఎత్తు, 600 వెడల్పు ఉన్న పెట్టెకు కర్ణం దాదాపు 1,082 రావాలి. అంకె ముఖ్యం కాదు, రెండూ సమానం కావడం ముఖ్యం. రెండింటికీ 4 మిల్లీమీటర్ల తేడా ఉందంటే పెట్టె ఎత్తులో మూడున్నర మిల్లీమీటర్లకు పైగా పక్కకు వాలి ఉందని అర్థం. పొడుగు కర్ణం వైపు లాగి సరిచేసి, ఒక రీపరు ముక్కను పెట్టె ముందు వైపు కర్ణం వెంట తాత్కాలికంగా బిగించండి. దాన్ని వెనక వైపు పెట్టకండి, రౌటర్‌కు అడ్డం వస్తుంది.

తరవాత లోపలి మూలల్లో వేలు పెట్టి తడమండి. జిగురు బయటికి కారి గడ్డకట్టి ఉంటే ఉలితో గీకేయండి. బేరింగుకు తెలివి లేదు, దానికి తగిలిన ప్రతి గుబ్బనూ నిజమని నమ్మి మెట్టులో నకలు చేస్తుంది. ఇంకా ముఖ్యమైనది మేకులు. పెట్టె మూలల్లో స్క్రూలు ఎక్కడ ఉన్నాయో మీకు గుర్తు లేకపోతే ఒక అయస్కాంతాన్ని దారం కట్టి అంచు వెంట నడిపించండి. బిట్టు దారిలో ఉక్కు ఉంటే కార్బైడ్ ముక్క విరిగి ఎగురుతుంది. దాని వేగం ఎంతో పైన లెక్కగట్టాం. బిగించేటప్పుడే వెనక అంచు నుంచి 25 మిల్లీమీటర్ల మేర స్క్రూలు వేయకుండా వదిలిపెట్టడం తేలికైన ఉపాయం. నడిమి అరలను కూడా అలాగే వెనక అంచుకు ఒక అంగుళం లోపలికి జరిపి బిగించుకుంటే బిట్టూ బేరింగూ ఆగకుండా పోతాయి.

అసలైన చిక్కు ఇప్పుడు వస్తుంది. రౌటర్‌ను 18 మిల్లీమీటర్ల అంచు మీద నిలబెట్టాలి. బేరింగు పలక లోపలి ముఖాన్ని ఆనుకుంటుంది కాబట్టి బిట్టు ఇరుసు ఆ ముఖానికి ఆరు మిల్లీమీటర్లకు పైగా లోపల, అంటే గాలిలో ఉంటుంది. రౌటర్ గరిమనాభి దాదాపు ఆ ఇరుసు మీదే ఉంటుంది. ఆధారం దాటి గరిమనాభి పడితే వస్తువు ఒరిగిపోతుందని బడిలో చదువుకున్నాం. మెట్టు తెగిన కొద్దీ పరిస్థితి ఇంకా దిగజారుతుంది. మిగిలే అంచు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, గరిమనాభి దానికి 16 మిల్లీమీటర్ల దూరంలో.

లెక్క వేసి చూద్దాం. యంత్రం బరువు మూడున్నర కిలోలు, బయటి వైపు పిడి ఇరుసుకు 100 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. అది లోపలికి ఒరగకుండా ఉండాలంటే బయటి పిడిని దాదాపు 670 గ్రాముల బరువుతో నొక్కాలి. కానీ 1,140 గ్రాములు దాటి నొక్కితే ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల అంచు మీంచి బయటికి ఒరుగుతుంది. గోల చేస్తూ, వణుకుతూ, ముందుకు జరిగే యంత్రం మీద చేతిబరువును అర కిలో తేడాలో నిలపగల మనిషి ఎవరు? మెట్టు అడుగు వాలుగా, గోడ అలలుగా వచ్చేది ఇక్కడే. చాలామంది దీన్ని చెయ్యి తిరగకపోవడం అనుకుంటారు. ఎంత చెయ్యి తిరిగినవాడికైనా ఆ అంచు సరిపోదు.

మందు చాలా చవక. 40 మిల్లీమీటర్ల మందం ఉన్న తిన్నని రీపరును పక్క పలక బయటి వైపు, పై అంచులు ఒకే మట్టానికి వచ్చేలా, సి-క్లాంపులతో బిగించండి. ఇప్పుడు ఆధారం బయటికి పెరిగింది. లోపలికి ఒరగకుండా కావలసిన బరువు అదే 670 గ్రాములు. కానీ బయటికి ఒరగాలంటే ఆరు కిలోలకు పైగా నొక్కాలి. అర కిలో సందు ఐదున్నర కిలోల మైదానం అయింది. నెమ్మదిగా బయటి పిడి మీద చెయ్యి బరువు ఉంచి నడిస్తే చాలు. వెడల్పు తక్కువ పెట్టె అయితే మరో పద్ధతి ఉంది: రౌటర్ అడుగు పలక విప్పి, ఆ స్థానంలో పెట్టె ఆ పక్క నుంచి ఈ పక్కకు అందే పొడవైన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు బద్దను బిగిస్తే అది రెండు అంచుల మీదా వంతెనలా కూర్చుంటుంది, ఒరిగే ప్రశ్నే లేదు. నాకు ఈ రెండోదే ఇష్టం, కానీ మూలల్లో తిప్పడానికి కొంచెం ఓపిక కావాలి.

ఇక ఏ వైపు నడవాలి? పై నుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లు దిశలోనే తిరుగుతుంది. పెట్టె లోపలి అంచును కోస్తున్నప్పుడు రౌటర్‌ను కూడా గడియారం దిశలోనే చుట్టూ తిప్పాలి. బయటి అంచును కోసేటప్పుడైతే దీనికి వ్యతిరేకం. లోపల గడియారం దిశలో నడిస్తే చెక్క యంత్రాన్ని వెనక్కి నెడుతుంది, మీరు ముందుకు తోస్తారు, యంత్రం మీ అదుపులో ఉంటుంది. దీన్ని ఎదురు కోత అందాం. వ్యతిరేక దిశలో నడిస్తే వాదర చక్రంలాగా చెక్కను పట్టుకుని యంత్రాన్ని ముందుకు లాక్కుపోతుంది. అది వెంట కోత. పూర్తి లోతులో వెంట కోత వేయడం ప్రమాదం. యంత్రం చేతులోంచి దూకుతుంది.

అయితే ఎదురు కోతకు ఒక దోషం ఉంది, దాని గురించి చాలా పుస్తకాలు క్లుప్తంగా దాటేస్తాయి. అందులో వాదర చెక్క లోపల మొదలై, ఆ లేని గోడ వైపు, ఖాళీలోకి బయటికి వస్తుంది. బయటికి వచ్చే చోట చివరి పీచుకు వెనక దన్ను లేదు. వాదర దాన్ని కోయడానికి బదులు బయటికి లేపుతుంది. పై పొర పెచ్చుగా లేచేది ఆ క్షణంలోనే. వెంట కోతలో వాదర బయటి నుంచి లోపలికి దిగుతుంది. పీచు వెనక మొత్తం పలక దన్నుగా ఉంటుంది, అందుకని తెగుతుంది తప్ప లేవదు. ఒక పద్ధతిలో భద్రత, ఇంకో పద్ధతిలో శుభ్రత. రెండూ కావాలంటే రెండూ వాడాలి. మొదట లోతు ఒక్క మిల్లీమీటరు పెట్టి, యంత్రాన్ని గట్టిగా పట్టుకుని, బేరింగు పలకను తాకీ తాకకుండా వెంట కోత వేస్తూ చుట్టి రండి. మిల్లీమీటరు లోతులో లాగుడు తక్కువ, రెండు చేతులతో ఆపగలిగినంతే. రౌటర్ కొత్తవాళ్ళు ఈ చుట్టును ముందు పనికిరాని పలక మీద సాధన చేయాలి. అదీ ధైర్యం చాలకపోతే పదునైన కత్తితో మెట్టు గీత వెంట, లోపలి ముఖం మీద మెట్టు లోతు గీత వెంట పై పొరను కోసి పెట్టుకున్నా చాలావరకు అదే ఫలితం వస్తుంది. తరవాతి చుట్లన్నీ ఎదురు కోతే. మూడేసి మిల్లీమీటర్ల చొప్పున మూడు చుట్లు తిరిగితే మొత్తం లోతు 10 మిల్లీమీటర్లు.

పలక మందం 6 అయితే మెట్టు లోతు 10 ఎందుకు అంటారా? మిగిలిన నాలుగు మిల్లీమీటర్లు పలకకూ గోడకూ మధ్య గాలి ఆడే సందు. వానల్లో చెమ్మ ఊరే గోడకు ఆనుకున్న ప్లైవుడ్డు ఎక్కువ కాలం మన్నదు. పైగా గోడ వంకరగా ఉంటే ఆ పెదవిని చిత్రికతో కాస్త సరిచేసుకుని బీరువాను గోడకు అంటేలా నిలపవచ్చు.

నడక వేగం కూడా లెక్కలోకి వస్తుంది. మన పెట్టె లోపలి చుట్టుకొలత దాదాపు 3 మీటర్లు. ఒక చుట్టు ఒక నిమిషంలో ముగిస్తే, రెండు వాదరల బిట్టు 20,000 చుట్ల వేగంతో ఒక్కో దెబ్బకు 0.075 మిల్లీమీటర్ల ముక్క తీస్తుంది, పలుచని కాగితం అంత. అది ఆరోగ్యమైన కోత. కింద పడే పొట్టు రేకులుగా ఉంటుంది. భయంతో ఆరు రెట్లు నెమ్మదిగా నడిస్తే ముక్క మందం మిల్లీమీటరులో దాదాపు వందో వంతుకు పడిపోతుంది. అప్పుడు వాదర కోయదు, రాస్తుంది. రాపిడి వేడి పుడుతుంది, చెక్క నల్లబడుతుంది, జిగురు కాలిన వాసన వస్తుంది. ఆగి ఆలోచించాల్సి వస్తే ముందు యంత్రాన్ని చెక్క నుంచి లోపలికి, ఖాళీలోకి జరిపి అప్పుడు ఆలోచించండి.

మూలల దగ్గర బిగించిన పెట్టె మనకు ఒక మేలు చేస్తుంది. విడి పలక చివర కోసేటప్పుడు ఆఖరి పీచు పెళ్ళగిలిపోతుంది, దాని అవతల ఏమీ లేదు కాబట్టి. ఇక్కడ ప్రతి పలక చివరా ఇంకో పలక జిగురుతో అతుక్కుని ఉంది. నాలుగు పలకలూ ఒకదానికొకటి దన్ను. అందుకే మూలల్లో కోత సాధారణంగా శుభ్రంగానే వస్తుంది, గుండ్రంగా మాత్రం వస్తుంది. 32 మిల్లీమీటర్ల బిట్టు 16 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపును వదిలిపెడుతుంది. మూలబిందువు నుంచి వంపుకు దూరం ఆరున్నర మిల్లీమీటర్లు. దీన్ని ఉలితో చదరం చేయాలి. మూలమట్టంతో రెండు గీతలు గీయండి, గీత మీద ఉలి నిలువుగా పెట్టి కొయ్యసుత్తితో మెల్లగా తట్టండి, పొర పొరగా తీయండి. పీచుకు అడ్డంగా ఉన్న గీతను ముందు కొట్టండి. ఒక్కో మూలకు ఐదు నిమిషాలు పడుతుంది. ఈ ఓపిక లేనివాళ్ళు వెనక పలక మూలలనే గుండ్రంగా కోసేస్తారు. దానిలో తప్పేమీ లేదు, వెనక వైపు చూసేది బల్లులే.

పొట్టు సంగతి చెప్పకుండా పలక బిగించడానికి వెళ్ళలేను. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ప్లైవుడ్డు జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ కూడా అదే జాబితాలో ఉంది. వసంత్ కుంజ్ ఫ్లాట్లలో నేను చూసిన పనుల్లో చాలావాటిలో ఇంటివాళ్ళు పక్క గది తలుపు మూసుకుని కూర్చుంటారు, వడ్రంగి మూతికి తువ్వాలు చుట్టుకుని ఆ మబ్బులో రోజంతా ఉంటాడు. తువ్వాలు రేకుల పొట్టును ఆపుతుంది. ఊపిరితిత్తుల లోతుకు వెళ్ళే సన్నని ధూళిని ఆపలేదు. ఎన్95 మాస్కు ఆపుతుంది. దాని ఖరీదు పలకకు వేసే సన్‌మైకాలో లెక్కకు రాదు. కొనవలసింది పని చేయించుకునేవాళ్ళే అని నా అభిప్రాయం. కళ్ళద్దాలు, చెవులకు బిరడాలు కూడా. వేలాడే చొక్కా చేతులు, మెడలో కండువా ఉండకూడదు. బిట్టు మార్చేటప్పుడు స్విచ్చి ఆపడం కాదు, ప్లగ్గు పీకాలి. బిట్టు కాడను పట్టులో అడుగంటా దించి, రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి లాగి బిగించండి. అడుగుకు తగిలి ఉంటే బిగువు సరిగా పట్టదు.

వెనక పలకను మెట్టు కొలత కన్నా నిలువునా అడ్డంగా ఒక్కో మిల్లీమీటరు తగ్గించి కోయండి. ముందు వైపు కట్టిన రీపరు ఇంకా విప్పకండి. పలకను మెట్టులో పరిచి, ఒక మూల ఒక స్క్రూ, దాని ఎదుటి మూల ఒక స్క్రూ వేసి, మళ్ళీ రెండు కర్ణాలూ కొలవండి. సమానంగా ఉంటే మిగతా స్క్రూలు 150 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున వేసుకుంటూ పోండి, మెట్టు గోడకు మరీ దగ్గరగా కాకుండా, మిగిలిన అడుగు మధ్యలో. తేడా ఉంటే ఒక స్క్రూ విప్పి, పెట్టెను చేత్తో సర్ది, మళ్ళీ వేయండి. రీపరు విప్పి బీరువాను నిలబెట్టి, తలుపులు ఆ తరవాతే తగిలించండి.